సముద్రం అడుగున నడిచొచ్చిన అరెథూసా

సిసిలీ తూర్పు తీరాన సిరాక్యూస్ నగరం ఉంది. ఆ ఊరి పాతపేట ఒర్టీజియా అనే చిన్న లంక. లంక పడమటి ఒడ్డున, ఎత్తయిన రాతిగోడల నడుమ కోనేరులాంటి మడుగు కనిపిస్తుంది. అందులో పాపిరస్ దుబ్బులు, చేపలు, బాతులు. గోడకు అవతల ఉప్పుకెరటాలు, ఇవతల నేలలోంచి ఊరే నీరు. ఆ ఊట పేరు అరెథూసా.

గ్రీకు పురాణాల్లో అరెథూసాది చిన్న పాత్ర. వేటదేవత ఆర్టెమిస్ చెలికత్తెల్లో ఆమె ఒకతె. గ్రీసులోని ఒలింపియా పక్కన పారే అల్ఫియోస్ నదిలో ఒకనాడు స్నానానికి దిగింది. నదిదేవుడు ఆమెపై మనసుపడి వెంటబడ్డాడు. పరుగెత్తి పరుగెత్తి అలసిపోయిన ఆమె మొరపెట్టుకుంటే, ఆర్టెమిస్ ఆమెను నీటిపాయగా మార్చి, నేల చీల్చి దారి ఇచ్చింది. అరెథూసా అంతర్వాహినిగా సముద్రం అడుగున సాగి, ఒర్టీజియాలో పైకి ఉబికింది. అల్ఫియోస్ కూడా అదే దారిన వచ్చి ఆమెలో కలిశాడంటారు.

లాటిన్ కవి ఓవిడ్ ఈ కథను ఆమె నోటనే చెప్పించాడు. తప్పిపోయిన కూతురి కోసం లోకమంతా గాలిస్తున్న సెరెస్ దేవతకు, బిడ్డ పాతాళంలో ఉందన్న కబురు చెప్పిందీ అరెథూసాయే. భూగర్భంలో ప్రయాణించిన ఆమెకు తప్ప ఆ సంగతి ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ కథకు చరిత్రలో గట్టి పునాది ఉంది. క్రీ.పూ. 733 ప్రాంతంలో ఆర్కియాస్ అనే నాయకుడి వెంట కొరింథు నుంచి వలస వచ్చిన గ్రీకులు ఈ లంకలో ఊరు కట్టుకున్నారు. ఓడలు నిలపడానికి రెండు వైపులా రేవులు, తాగడానికి ఒడ్డునే తీపినీరు. సముద్రయానం చేసి వచ్చినవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? లోతట్టు సున్నపురాతి కొండల్లో ఇంకిన వాననీరు నేల కింద పారి ఇక్కడ ఊటగా పైకి వస్తుంది. గ్రీసులో అరెథూసా పేరున్న ఊటలు ఇంకా ఉన్నాయి. ఇథాకా ద్వీపంలోని ఊటను హోమర్ ‘ఒడిస్సీ’ ప్రస్తావిస్తుంది. వలసజనం తమకు తెలిసిన పేరునే కొత్త నీటికి పెట్టుకున్నారు.

మరి కొరింథువాళ్ల ఊరికి ఒలింపియా నదితో చుట్టరికం ఎలా కలిసింది? ఒలింపియాలో జోస్యం చెప్పే యామిద వంశీకులు సిరాక్యూస్ స్థాపనలో పాలుపంచుకున్నట్టు పిండారు కవి గీతాల వల్ల తెలుస్తుంది. తర్వాత గెలోన్, హియెరోన్ వంటి సిరాక్యూస్ ఏలికలు ఒలింపిక్ పందేల్లో గెలిచారు. ఒలింపియాలో నదిలో వేసిన గిన్నె సిరాక్యూస్ ఊటలో తేలిందనీ, అక్కడ ఎద్దుల్ని బలిస్తే ఇక్కడ నీళ్లు రంగు మారేవనీ జనం చెప్పుకునేవారు. భూగోళవేత్త స్ట్రాబో దీన్ని ఒప్పుకోలేదు: అల్ఫియోస్ అందరి కళ్లముందే సముద్రంలో కలుస్తోంది, దాన్ని మింగే బిలమేదీ అక్కడ లేదు అన్నాడు. ఆయన వాదన సరైనదే. అయినా సముద్రానికి ఈవల బతుకుతున్నవాళ్లకు, సొంతగడ్డ నీరు తమ వాకిట్లో ఊరుతోందన్న నమ్మకం ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ మమకారం వెండి మీదికీ ఎక్కింది. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో కిమోన్ అనే శిల్పి చెక్కిన నాలుగు ద్రాక్మాల నాణెం బరువు సుమారు 17 గ్రాములు. దాని మీద అరెథూసా ముఖం మనకేసి చూస్తుంటుంది. చెదిరిన కురుల నడుమ డాల్ఫిన్లు ఈదుతుంటాయి, పైన ఆమె పేరు గ్రీకు అక్షరాల్లో ఉంటుంది. రెండోవైపు పరుగు తీసే నాలుగు గుర్రాల రథం. అంత చిన్న వెండి బిళ్ల మీద నీటి కదలికను చూపించిన నేర్పు అబ్బురపరుస్తుంది.

క్రీ.పూ. 70లో రోమన్ వక్త సిసెరో ఈ ఊటను వర్ణిస్తూ, చేపలతో నిండిన ఇంత పెద్ద మంచినీటి ఊటను రాతికట్టే సముద్రం నుంచి కాపాడుతోందని రాశాడు. కాలక్రమంలో ఉప్పునీరు కలవడంతో ఇప్పుడా నీరు తాగడానికి పనికిరాదు. ఆ దగ్గర్లోనే, రేవులో సముద్రం అడుగునుంచి మరో మంచినీటి ఊట ఉబికేది. అది ఆమె వెంట వచ్చిన అల్ఫియోసేనని ఊరివాళ్లు చెప్పుకునేవారు.