బల్లెము నుండి కెమెరా వరకు

సముద్రములోని మహాకాయ జంతువులను గూర్చి మానవుడు మొదట నేర్చినది వాటిని చంపియే. 1828 లో దక్షిణాఫ్రికాలోని టేబుల్ అఖాతమున ఒక పెద్ద చేపను బల్లెముతో పొడిచి పట్టిరి. ఆండ్రూ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు దానిని పరిశీలించి వర్ణించెను. తిమింగిల సొర శాస్త్రలోకమునకు తెలిసినది ఈ విధముగనే. పేరులో తిమింగిలము ఉన్నను ఇది క్షీరదము కాదు. మొప్పలతో శ్వాసించు చేప, చేపలన్నింటిలోను పెద్దది.

ప్రాణముతో ఈదుచున్న జంతువును ఎరుగుటకు వేరొక సాధనము కావలసివచ్చెను. 1893 లో ఫ్రాన్సు దేశీయుడగు లూయీ బూతాన్ కెమెరాను నీరు చొరని పెట్టెలో అమర్చి బాన్యూల్స్ తీరమున సముద్రగర్భ ఛాయాచిత్రములను తీసెను. ఆ పరికరము మిక్కిలి బరువైనది. దానిని చేతబట్టి జంతువుల వెంట ఈదుట సాధ్యము కాదు.

ఆస్ట్రియా జీవశాస్త్రజ్ఞుడు హాన్స్ హాస్ (1919-2013) తొలుత బల్లెముతో చేపలను వేటాడినవాడే. 1939 లో కరీబియన్ సముద్రమందలి కురసావ్, బొనేర్ దీవుల కడ అతడు కెమెరా చేతబట్టి, ఊపిరి బిగబట్టి మునిగి, సొరచేపల నడుమ ఈదుచు చిత్రములు తీసెను.

అంత చేరువకు ఏల పోవలెను? నీరు ఎఱ్ఱని కాంతిని త్వరగా హరించును. పది మీటర్ల లోతునకు పోవుసరికి ఎఱుపు చాలవరకు నశించును. నీటిలోని సూక్ష్మరేణువులు మిగిలిన కాంతిని చెదరగొట్టును. అందుచే దూరమందలి జంతువు నీలి నీడవలె మాత్రమే తోచును. కనుక ఛాయాగ్రాహకుడు జంతువు బెదరకుండునట్లు మెల్లగా దాని చెంతకు ఈదవలెను. 1950 లో ఎఱ్ఱసముద్రమున హాస్ ఈ విధముగనే తిమింగిల సొరను చిత్రించెను.

ఇట్టి చిత్రములు వినోదమునకు మాత్రమేనా? తిమింగిల సొర చర్మముపైనుండు తెల్లని చుక్కల అమరిక మన వ్రేలిముద్రలవలె ఒక్కొక్క దానికి ఒక్కొక్క తీరుగ నుండును. 2005 లో ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడు అర్జుమానియన్, కంప్యూటరు నిపుణుడు హోమ్‌బర్గ్, జీవశాస్త్రజ్ఞుడు నార్మన్ ఒక వింత పద్ధతిని ప్రకటించిరి. నక్షత్రముల చిత్రములను పోల్చుటకు ఏర్పడిన గణితవిధానముతోనే ఈ చుక్కలను పోల్చి, ఆస్ట్రేలియాలోని నింగలూ తీరమున కనిపించిన చేపలను ఒక్కొక్కటిగా గుర్తించిరి. సరియైన కోణమున తీసినచో సాధారణ ఈతగాని చిత్రమును ఇందులకు పనికివచ్చును.

మన దేశమున 2001 లో తిమింగిల సొరకు చట్టరక్షణ లభించినది. అయితే రక్షణ ఫలించుచున్నదో లేదో తెలియుటకు లెక్క కావలెను. బల్లెము తగిలిన చేపను ఒక్కసారి మాత్రమే కొలువగలము. చిత్రమునకు చిక్కిన చేప మరుసటి యేడు తిరిగివచ్చినదా, పెరిగినదా, ఎచ్చటికి పోయినదని మరల మరల అడుగగలము.