బ్యాటరీ బండి చరిత్ర నేర్పిన జాగ్రత్తలు

జగిత్యాల జిల్లా ధర్మపురి వద్ద గోదావరి దక్షిణముగా తిరిగి ప్రవహించును. ఒడ్డున నరసింహస్వామి క్షేత్రము, ఇరుకైన పాత వీధులు, ఏటి వైపునకు పల్లము - ఇదీ ఆ ఊరి స్వరూపము. 2015 జూలై 14 నుండి 25 వరకు జరిగిన గోదావరి పుష్కరములలో ఆ వీధులు యాత్రికులతో క్రిక్కిరిసినవి. పన్నెండేండ్ల లెక్క ప్రకారము తరువాతి పుష్కరములు 2027వ సంవత్సరమునకు చెందును.

ఇట్టి ఊళ్ళలో నడువలేని ముసలివారిని బస్సు దిగిన చోటి నుండి రేవు వరకు చేర్చుట ఎట్లు? పెద్ద బండి సందులో తిరుగదు. పెట్రోలు బండి పొగ, చప్పుడు జనసమ్మర్దములో బాధాకరము. ఇట్టి పనికే తగినట్లున్నది చిన్న బ్యాటరీ బండి. మనుష్యులనే కాక పూల బుట్టలను, మంచినీటి డబ్బాలను, వీధుల చెత్తను కూడ అది మోయగలదు.

అయితే చిన్నదిగా, నెమ్మదిగా, చప్పుడు లేక పోవుచుండుట చేత దీనిని ఆటబొమ్మవలె చూచువారు కలరు. అది పొరపాటు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంటిలో రాత్రివేళ చార్జింగునకు పెట్టిన స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒక వృద్ధుడు మరణించినాడు. అదే ఏడు సెప్టెంబరు 12న సికిందరాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణములో మంటలు పుట్టి, ఆ పొగ మీది అంతస్తులలోని లాడ్జికి ఎక్కి 8 మంది ప్రాణములు పోయినవి. బ్యాటరీ బండిని ఎట్లు వాడవలెనో తెలిసికొనుటకు దాని చరిత్రను చదువుట మంచి దారి. నేడు చెప్పు ప్రతి జాగ్రత్త వెనుకను ఒక అనుభవము కలదు.

తొలి బండ్లు

1834లో అమెరికాలో థామస్ డావెన్‌పోర్ట్ అను కమ్మరి విద్యుదయస్కాంతములతో తిరుగు చిన్న మోటారును చేసినాడు. 1842లో స్కాట్లండు దేశీయుడు రాబర్ట్ డేవిడ్‌సన్ 'గల్వానీ' అను విద్యుత్ ఇంజనును ఎడింబరో-గ్లాస్గో రైలు దారిపై నడిపి చూచినాడు. అది గంటకు 6 కిలోమీటర్ల కంటె ఎక్కువగా పోలేదు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉండెను. దాని ఘటములలోని జింకు, ఆమ్లములో కరిగి వ్యయమైపోయెడిది. పొయ్యిలో బొగ్గు కాలినట్లే ఘటములో జింకు "కాలినది". కాని జింకు ధర బొగ్గు ధర కంటె ఎన్నో రెట్లు హెచ్చు. కావున ఆ బండి ఆవిరి ఇంజనుతో పోటీ పడలేకపోయినది.

ఈ చిక్కును విడదీసినవాడు ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే. రెండు సీసపు రేకులను సజల గంధకికామ్లములో ముంచి, విద్యుత్తును పంపి, మరల దాని నుండి విద్యుత్తును తీసికొనవచ్చునని 1859లో ఆయన చూపినాడు. వ్యయమైన ఘటము మరల నిండుట అదే మొదలు. 1881లో కమిల్ ఫోర్ సీసపు పలకలపై సీసపు ఆక్సైడు ముద్దను పూసి, ఘటములో పట్టు విద్యుత్తును బాగుగా పెంచినాడు. ఆ యేడే పారిస్ వీధిలో గుస్తావ్ త్రూవే మూడు చక్రముల విద్యుత్ బండిని నడిపినాడు. మరుసటి యేడు ఇంగ్లండులో ఏర్టన్, పెర్రీ అను ఆచార్యులు అట్టిదే మరొకటి నడిపినారు. ఈనాటి ఇ-రిక్షాకు పూర్వులు ఆ మూడు చక్రముల బండ్లే.

1899లో కామిల్ జెనాట్జీ విద్యుత్ బండిపై గంటకు 105 కిలోమీటర్లకు పైగా పోయినాడు. నేలపై నడచు మోటారు బండి గంటకు నూరు కిలోమీటర్లు దాటుట అదే ప్రథమము. 1900లో అమెరికాలో తయారైన సుమారు 4,200 మోటారు బండ్లలో 1,575 విద్యుత్ బండ్లే. పిమ్మట పెట్రోలు చౌకైనది. 1912లో పెట్రోలు కార్లకు మీట నొక్కగానే ఇంజను కదలు స్టార్టరు వచ్చినది. చేతితో హాండిలు తిప్పు బాధ తప్పుటతో జనము పెట్రోలు బండి వైపు మరలినారు.

అయినను విద్యుత్ బండి పూర్తిగా అంతరింపలేదు. కర్మాగారములలో, గిడ్డంగులలో, ఇంగ్లండులో తెల్లవారుజామున ఇంటింటికి పాలు పోయు బండ్లలో అది నిలిచినది. కారణమేమి? ఈ పనులన్నిటికి మూడు సామాన్య లక్షణములు కలవు: తిరుగు దూరము కొద్దిది, ముందే తెలిసినది, మాటిమాటికి ఆగి కదలవలెను, పని ముగియగానే బండి ఒకే చోటికి చేరును, అక్కడ చార్జి చేయవచ్చును. క్షేత్రములోని యాత్రికుల బండికి కూడ ఈ మూడు లక్షణములే ఉన్నవి.

సీసపు బ్యాటరీ చెప్పు పాఠములు

సీసపు ఘటమొక్కటి సుమారు 2 వోల్టులనిచ్చును. ఆరు ఘటములు చేరి 12 వోల్టుల బ్యాటరీ అగును. అట్టివి నాలుగింటిని వరుసగా కలిపిన 48 వోల్టులగును. ఇ-రిక్షాలలో సాధారణముగా కనబడు అమరిక ఇదే. ఒక్కొక్కటి 100 ఆంపియరు-గంటలదైనచో మొత్తము 48 × 100 = 4,800 వాట్-గంటలు, అనగా కరెంటు మీటరుపై 4.8 యూనిట్లు. అయితే దానిని పూర్తిగా పిండరాదు. ప్రతిదినము అడుగంట వాడిన బ్యాటరీ త్వరగా చెడును. అందులో సుమారు సగము వాడి మరల నింపుకొనుట మేలు.

బ్యాటరీ ఖర్చగుచున్నపుడు రెండు పలకలపైనను సీసపు గంధకితము ఏర్పడును, ఆమ్లము పలుచబడును. నిండిన ఘటములో ఆమ్లపు సాపేక్ష సాంద్రత సుమారు 1.26 నుండి 1.28 వరకు ఉండి, ఖర్చయినపుడు 1.15 ప్రాంతమునకు దిగును. పాఠశాల ప్రయోగశాలలోని హైడ్రామీటరు వంటి సాధనముతోనే దీనిని కొలువవచ్చును. ఖర్చయిన బ్యాటరీని రోజుల తరబడి అట్లే వదలిన, గంధకితము గట్టి స్ఫటికములుగా మారి మరల కరుగదు. పండుగ ముగిసిన తరువాత బండిని షెడ్డులో పెట్టి మరచిపోవువారి బ్యాటరీలు చెడుటకు ముఖ్య కారణమిదే. నిలిపియుంచిన బండిని కూడ నెలకొకసారియైనను చార్జి చేయవలెను.

చార్జి ముగియు సమయమున నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని వాయువులు పుట్టును. గాలిలో ఉదజని 4 శాతము దాటినచో ఒక నిప్పురవ్వకే ప్రేలగలదు. కావున చార్జి చేయు గదికి గాలి రాకపోకలు ఉండవలెను. అక్కడ బీడీ, అగరువత్తి, దీపము కూడదు. ఉదజని గాలి కంటె తేలిక. పైకప్పు క్రింద నిలుచును. పై భాగమున కిటికీ అవసరమగుట అందుకే.

తగ్గిన నీటిని స్వేదన జలముతోనే, అనగా అంగళ్లలో డిస్టిల్డ్ వాటరని అమ్ముదానితోనే నింపవలెను. బోరు నీటిలోని లవణములు పలకలను పాడుచేయును. పలకలు మునిగియున్నంత వరకు నీటిని చార్జి ముగిసిన తరువాతనే పోయుట మంచిది. ముందుగా నిండ పోసిన, చార్జిలో ఆమ్లము పొంగి పొరలును. ఆమ్లము ఒంటిపై పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడుగవలెను. కంటిలో పడిన, కడుగుచునే వైద్యుని వద్దకు పోవలెను. పనివేళ చేతి ఉంగరము, లోహపు గాజులు తీసివేయవలెను. స్పానరు రెండు ధ్రువములకు ఒక్కసారి తగిలినచో వందల ఆంపియర్లు పారి ఆ లోహము క్షణములో ఎఱ్ఱబడును. 48 వోల్టులే కదా, షాకు కొట్టదని ధైర్యపడువారు గ్రహింపవలసిన విషయమిది: ఇక్కడి ముఖ్య అపాయము షాకు కాదు, వేడి.

బరువు, వాలు, వేడి

మన దేశములో 1993లో 'లవ్‌బర్డ్', 2001లో బెంగుళూరు నుండి 'రేవా' అను చిన్న విద్యుత్ కార్లు వచ్చినవి. కాని సామాన్యులకు బ్యాటరీ బండిని పరిచయము చేసినది ఇ-రిక్షాయే. మొదట అవి ఏ చట్టమునకును లోబడక తిరిగినవి. 2014 జూలైలో ఢిల్లీ హైకోర్టు వాని రాకపోకలను ఆపినది. ఆ యేడు అక్టోబరులో నియమములు, 2015లో మోటారు వాహనముల చట్టమునకు సవరణ వచ్చినవి. ఆ నియమముల ప్రకారము ఇ-రిక్షాలో నలుగురు ప్రయాణికులు, 40 కిలోల సామాను. సరకుల ఇ-కార్టులో 310 కిలోలు. వేగము గంటకు 25 కిలోమీటర్ల లోపు.

ఈ అంకెలు ఊరక పెట్టినవి కావని తెలుపుటకు చిన్న లెక్క చాలును. బండి, మనుష్యులు కలిసి 700 కిలోలనుకొందము. 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కు దారిలో వెనుకకు లాగు బలము 700 × 9.8 ÷ 20 = 343 న్యూటనులు. గంటకు 10 కిలోమీటర్ల వేగమున ఎక్కుటకు వాలు కొరకే సుమారు 950 వాట్లు, అనగా 48 వోల్టుల వద్ద సుమారు 20 ఆంపియర్లు కావలెను. మరి నలుగురిని, అనగా 240 కిలోలను ఎక్కించినచో సుమారు 27 ఆంపియర్లగును. తీగలలో పుట్టు వేడి కరెంటు వర్గమును అనుసరించును. బరువు మూడింట ఒక వంతు పెరిగినది; వేడి దాదాపు 1.8 రెట్లయినది! రేవు నుండి పైకి వచ్చుచు అధిక భారముతో ఉన్న బండిలో తీగ తొడుగు కమిలిన వాసన వచ్చుట ఇందుచేతనే. వదులైన కొస వద్ద నిరోధము ఎక్కువగుట వలన వేడి ఇంకను పెరుగును. వారమునకొకసారి కొసలను బిగించి, తెల్లని చిలుమును తుడిచివేయవలెనను నియమము పుట్టినది ఇక్కడే.

దిగునపుడు మరొక జాగ్రత్త. వేగము రెట్టింపైన చలనశక్తి నాలుగు రెట్లగును. బ్రేకు ఆ శక్తినంతయు మింగవలెను. కావున వాలు మొదలుకాక మునుపే వేగము తగ్గించవలెను. మూడు చక్రముల బండి మలుపులో బోర్లపడుట సులభము. అక్కడ నడక వేగమే తగినది. బండి కదలుచుండగా ముందు-వెనుక మీటను మార్చరాదు. ఆపి దిగునపుడు చేతి బ్రేకు వేసి, తాళపుచెవి తీసికొనవలెను. చప్పుడు లేని బండిలో మోటారు "ఆగియున్నది" అని చెవి చెప్పజాలదు. పిల్లవాడు ఆక్సిలరేటరును తాకిన చాలును, బండి దూకును. నడచువారికి కూడ బండి వచ్చుట వినబడదు గనుక హారను మ్రోగించుట ఇక్కడ మర్యాదలో భాగము.

లిథియము వచ్చినది

1976లో విటింగ్‌హామ్, 1980లో గుడ్‌ఇనఫ్, 1985లో యోషినో చేసిన కృషి వలన లిథియము-అయాన్ ఘటము రూపొందినది. 1991లో అది విపణికి వచ్చినది. 2019లో ఆ ముగ్గురికి రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. అదే శక్తికి సీసపు బ్యాటరీ కంటె ఎంతో తేలికైనది. నీరు పోయు పని లేదు. కాని దాని లోపల మండు స్వభావము గల ద్రవము ఉన్నది. ఒక ఘటము లోపల వేడెక్కి కట్టుదప్పినచో ఆ వేడి పక్క ఘటమునకు, దాని నుండి మరొక దానికి ప్రాకును. ఇనుప ఫాస్ఫేటు ఉపయోగించు రకము ఈ విషయమున కొంత నెమ్మదిది. అయినను నిర్లక్ష్యమునకు అదియు లోబడదు.

2022 నాటి దుర్ఘటనల పిమ్మట కేంద్ర ప్రభుత్వము నిపుణుల సలహాపై ఎ.ఐ.ఎస్. 156 అను బ్యాటరీ ప్రమాణమును కఠినము చేసి, 2022 డిసెంబరు 1 నుండి, 2023 మార్చి 31 నుండి రెండు దశలలో అమలుపరచినది. అయితే ప్రమాణము కర్మాగారము వరకే కాపాడగలదు. ఇంటిలో కాపాడవలసినవాడు వాడుకరియే. బండితో వచ్చిన చార్జరునే వాడవలెను. సీసపు బ్యాటరీని తీసి లిథియము పెట్టించినచో చార్జరును కూడ మార్చితీరవలెను. నిద్రించు గదిలో, మెట్ల క్రింద, బయటికి పోవు దారిలో చార్జి చేయరాదు. మే నెల ఎండలో తిరిగి వచ్చిన బ్యాటరీని వెంటనే తగిలింపక, నీడలో చల్లారనిచ్చి చార్జి చేయవలెను. ఉబ్బిన, పగిలిన, నీట మునిగిన బ్యాటరీని వాడరాదు, విప్పరాదు. పొగ కనబడినచో వస్తువుల కొరకు వెనుదిరుగక అందరు బయటికి వచ్చి 101కి ఫోను చేయవలెను. ఆ పొగ విషపూరితము.

పొగ ఎక్కడికి పోయినది?

బ్యాటరీ బండికి పొగ లేదనుట సగము సత్యమే. ధర్మపురికి దిగువన గోదావరి తీరముననే ఉన్న రామగుండములో ఎన్.టి.పి.సి. కేంద్రపు తొలి యూనిట్ 1983లో నడిచినది. 2,600 మెగావాట్ల ఆ కేంద్రము బొగ్గుతో నడచునదే. అక్కడి జలాశయముపై తేలు 100 మెగావాట్ల సౌర ఫలకములు 2022లో పూర్తిగా పనిలోనికి వచ్చినవి. ఊరి వీధిలో పొగ లేకుండుట నిజముగా లాభమే. విద్యుత్తు ఎండ నుండి వచ్చిన కొలది ఆ లాభము మరింత నిండుదనమును పొందును.

ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని పెద్దలనాటి నానుడి. రేవునకు పోవు ముసలమ్మను క్షేమముగా దింపి, మరల క్షేమముగా బస్సు వద్దకు చేర్చుట మాత్రము బండి నడుపువాని చేతిలోను, రాత్రి దానిని చార్జికి తగిలించువాని చేతిలోను ఉన్నది. ఓమ్ సూత్రము, చలనశక్తి, సీసపు ఘటము - ఇవన్నియు ఉన్నత పాఠశాల పాఠములే. పరీక్ష కొరకు చదివిన ఆ పాఠములు ఒక ప్రాణమును కాపాడగలవని తరగతిలో ఒక్క బండిని చూపి చెప్పిన చాలును. విద్యార్థులు వానిని మరువరు.