తాత కాగితం ఏదీ?

2014 జులై 30న తెలంగాణ ప్రభుత్వం జీవో నంబరు 36 ఇచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంటు స్థానంలో 'ఫాస్ట్' పేరుతో కొత్త పథకం వస్తుందని, 1956 నవంబరు 1కి ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే అది వర్తిస్తుందని ఆ జీవో సారాంశం.

ఈ గాథలోని తేదీలు, జీవోలు, తీర్పులు, ప్రజాజీవితంలో ఉన్నవారి పేర్లు ఉన్నవి ఉన్నట్టే రాశాను. కుర్రాడు, అతని నాయన, మేనమామ కూతురు, వాళ్లతో మాట్లాడిన సార్లు మాత్రం ఆ ఏడు రాష్ట్ర సరిహద్దు అంచున చదువుకున్న పిల్లల పరిస్థితిని బట్టి కూర్చిన పాత్రలు. అందుకే వాళ్లకు పేర్లు పెట్టలేదు.

కుర్రాడిది దుమ్ముగూడెం మండలంలో ఒక కోయగూడెం. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి, భద్రాచలంలో ఇంటర్. మే 22న ఎంసెట్ రాశాడు, జూన్ 9న ర్యాంకు వచ్చింది. ఎస్టీ కోటాలో మంచి ఇంజినీరింగ్ కాలేజీలోనే సీటు వస్తుందని లెక్చరర్లు చెప్పారు. నాయనకు ర్యాంకు అంకె అర్థం కాలేదు. "ఫీజు సర్కారే కడతదంట" అన్న ఒక్క మాట అర్థమైంది. ఆ ఇంట్లో ఆ చదువు ఊహకు అందిందంటే 2008 నుంచి నడుస్తున్న ఫీజు రీయింబర్స్‌మెంటు వల్లే. అది లేకపోతే ఎంత ర్యాంకు వచ్చినా ఆ కుర్రాడు వానాకాలం నాట్లకు పోవాల్సిందే.

జీవో సంగతి పేపర్లో చదివి హెడ్మాస్టరు కబురు పెట్టాడు. తండ్రీ కొడుకులు మండల ఆఫీసుకు వెళ్లారు.

"నాయనది గానీ తాతది గానీ, 56కి ముందు ఇక్కడ ఉన్నట్టు ఏదన్నా కాగితం ఉందా?" అని అడిగాడు గుమస్తా.

"మా తాత ఈడనే పుట్టిండు సారూ. ఆయన నాయనా ఈడనే. సమాధి రాళ్లు కూడా ఈడనే ఉన్నయి."

"రాయి కాదయ్యా, కాగితం. పట్టా, శిస్తు రసీదు, బడి సర్టిఫికెట్టు... ఏదో ఒకటి."

"ఆ రోజుల్లో మా గూడానికి బడెక్కడిది సారూ?"

గుమస్తా చెడ్డవాడు కాదు. కాసేపు ఆలోచించి, తనకే కొత్తగా తోచినట్టు అన్నాడు. "ఉన్నా లాభం లేదేమో పెద్దాయనా. 56లో మనం తెలంగాణలో లేం గదా. తూర్పు గోదావరిలో ఉన్నాం."

అతనన్నది చరిత్రే. గోదావరికి ఈవల ఖమ్మం, పాల్వంచ, ఇల్లెందు నిజాం రాజ్యంలోవి. ఆవల భద్రాచలం, రేకపల్లి ప్రాంతాన్ని 1860లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో కలిపారు, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నవంబరు 1 నాటికి భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లావి. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అంటే జీవోలోని తేదీని అక్షరాలా పట్టుకుంటే, శ్రీరాముడి గుడి ఉన్న ఊరు, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు అన్నీ స్థానికత గీత అవతలే ఉంటాయి. తెలంగాణలోనే ఓటు వేసి, తెలంగాణ వచ్చిందని జూన్ 2న జెండా ఎగరేసిన ఊళ్లివి.

మార్గదర్శకాలు రాసేటప్పుడు భద్రాచలానికి మినహాయింపు ఇచ్చే వీలుండేది, నిజమే. కానీ అడవి బిడ్డ తన సొంత నేల మీద మినహాయింపు కోసం ఎదురుచూడాల్సి రావడమే నన్ను బాధపెట్టిన విషయం. ఇచ్చినా కాగితం సమస్య తీరేది కాదు. భద్రాచలం ఏజెన్సీలో రైత్వారీ పట్టాల కోసం 2/70 రెగ్యులేషన్ వచ్చిందే 1970లో. పోడు చేసుకుని బతికిన కోయలకూ కొండరెడ్లకూ అంతకుముందటి కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? జమీందారీ నాటి లెక్కల్లో పేరున్నా, అది వెతకాల్సింది పాత జిల్లా కేంద్రమైన కాకినాడలో. పట్నంలో ముత్తాత ఇంటి దస్తావేజు భద్రంగా దాచుకున్న కుటుంబం గంటలో నిరూపించుకోగల విషయం, తరతరాలుగా కదలని గూడెం నిరూపించుకోలేదు. చదువుకు ఇచ్చే సాయం కాగితాలు దాచుకోగలిగిన కుటుంబాలకే అందే ప్రమాదం ఇక్కడుండేది.

మేనమామ కూతురి కథ ఇంకా చిక్కు. ఆమెది ఎటపాక. భద్రాచలం ఊరు దాటగానే వచ్చేది అదే. రోజూ భద్రాచలం వచ్చే ఇంటర్ చదివింది. 2014 మే 29న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్లు, భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప ఆ మండలం మొత్తం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి. జులై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించాయి. ఆ రోజుల్లో మన్యంలో బంద్‌లు జరిగాయి, రోడ్లు ఆగిపోయాయి. పిల్ల ఎంసెట్ రాసినప్పుడు ఖమ్మం జిల్లావాసి, ఫలితం చూసుకునేటప్పటికి ఆంధ్రప్రదేశ్ వాసి.

"మరి నా సీటు ఏ రాష్ట్రంలో సార్?" అని కాలేజీలో అడిగింది.

"సీటుకు భయం లేదమ్మా. నువ్వు చదివింది ఇక్కడే గదా, ఉస్మానియా లోకల్‌వే."

"ఫీజో?"

లెక్చరరు దగ్గర దానికి జవాబు లేదు. ఏ ప్రభుత్వం దగ్గరా ఆ వేసవిలో తేటతెల్లమైన జవాబు లేదు.

సీటు విషయంలో ఆయన చెప్పింది నిజం. అడ్మిషన్లకు 1974 జులై 1 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల ప్రాంతాలుగా రాష్ట్రాన్ని విడదీసి, 85 శాతం సీట్లు ఆ ప్రాంతం పిల్లలకు కేటాయించింది. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరసగా ఎక్కడ చదివితే అక్కడ లోకల్. పునర్విభజన చట్టం 95వ సెక్షన్ ఆ కోటాలను మరో పదేళ్లు కొనసాగించింది. ఆ ఉత్తర్వు తాత ఊసెత్తదు. పిల్ల చదివిన బడిని అడుగుతుంది. బడి రిజిస్టరు గూడెంలో పుట్టిన పిల్లకూ ఉంటుంది, బంగళాలో పుట్టిన పిల్లకూ ఉంటుంది. నా దృష్టిలో అదే న్యాయమైన కొలత.

ఆ ఉత్తర్వు వెనక ఖమ్మం ఉందన్న సంగతి ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలోనే తెలంగాణ కాలేజీల సీట్లు తెలంగాణ విద్యార్థులకే ఉండాలని, లేదా రాష్ట్రం మొత్తం సీట్లలో మూడో వంతు ఇవ్వాలని, ఏది లాభమైతే అది అమలు చేయాలని రాసుకున్నారు. ఆ రక్షణలు నీరుగారిపోతున్నాయని 1969 జనవరి 8న అన్నబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి ఖమ్మం గాంధీచౌక్‌లో ఆమరణ దీక్షకు కూర్చున్నాడు. దాంతో ఉద్యమం తెలంగాణ అంతటా పాకింది. జనవరి 21న స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపుతామంటూ కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం ఇచ్చిన జీవో నంబరు కూడా 36 కావడం యాదృచ్ఛికమే. తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371డి, దాని కింద 1974 ఉత్తర్వు. ఆ ఖమ్మం విద్యార్థి ఆకలి నుంచి మొదలైన దారిలో పుట్టిన నిబంధన ఎటపాక పిల్లకు సీటు కాపాడింది. అదే ఉద్యమ వారసత్వంతో వచ్చిన ప్రభుత్వం స్కాలర్‌షిప్‌కు మరో కొలత పెట్టడం నన్ను కలచివేసింది. స్థానికులకు మేలు చేయాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. వాళ్లెవరో తేల్చడానికి ఎంచుకున్న తేదీనే తప్పుపడతాను.

ఆ ఏడు భద్రాచలం ఎమ్మెల్యే సీపీఎం నాయకుడు సున్నం రాజయ్య. ఆటోలో, బస్సులో అసెంబ్లీకి వెళ్లిన మనిషి. ఆయన సొంతూరు వరరామచంద్రాపురం మండలం సున్నంవారిగూడెం. ఓటర్లు ఆయనను తెలంగాణ శాసనసభకు పంపారు, ఆయన ఇల్లు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిపోయింది. పదవిలో ఉన్న మనిషికే ఏ రాష్ట్రం తనదో తేలని పరిస్థితి. 2020 ఆగస్టులో కరోనా ఆయనను తీసుకుపోయింది.

కౌన్సెలింగ్ వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. అక్టోబరు దాకా గడువు కావాలన్న తెలంగాణ విన్నపాన్ని ఆగస్టు 11న కోర్టు తోసిపుచ్చి, నెలాఖరులోగా ప్రవేశాలు పూర్తిచేయమంది. ఇద్దరు పిల్లలకూ సీట్లు వచ్చాయి. స్కాలర్‌షిప్ సంగతి తేలలేదు.

"ఫీజు కట్టమంటే ఏం జేద్దాం?" అన్నాడు నాయన బస్టాండులో.

"అడిగేదాకా చదువుకుంటా. అడిగినప్పుడు చూద్దాం" అన్నాడు కొడుకు.

ఎడ్లు అమ్మాలా వద్దా అన్న ఆలోచన ఆ ఇంట్లో ఆ చలికాలమంతా నడిచింది. జీవో 36 మీద హైకోర్టులో ప్రశ్నలు లేచాయి. చివరికి 2015 ఆరంభంలో ప్రభుత్వం ఫాస్ట్‌ను వెనక్కి తీసుకుంది, 1956 షరతు పోయింది. 371డి ప్రకారమే స్థానికతను చూస్తూ పాత పద్ధతిలో రీయింబర్స్‌మెంటు కొనసాగించింది. కుర్రాడి పేరు మీద తాత కాగితం మళ్లీ ఎవరూ అడగలేదు.

ప్రవేశాల కోటాలకు పునర్విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. జులై 19న తెలంగాణ జీవో 33 ఇచ్చింది. వైద్య, దంత కళాశాలల్లో స్థానిక కోటా సీటు కావాలంటే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలి. శాశ్వత నివాసులకు దీన్ని వర్తింపజేయకూడదని సెప్టెంబరు 5న హైకోర్టు అంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె. వినోద్ చంద్రన్‌ల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి నిబంధనను సమర్థించింది.

బడిని కొలతగా తీసుకోవడం సరే. అయితే సరిహద్దు జిల్లాలో దాని దెబ్బ ఎవరికి తగులుతుందో చూడాలి. మధిర, సత్తుపల్లి వైపు నుంచి ఇంటర్ కోసం విజయవాడ వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆ రెండేళ్లతో పిల్లాడు సొంత రాష్ట్రంలో లోకల్ కాకుండా పోతాడు. చింతూరులో చదివి, తల్లిదండ్రులు చర్లలో ఉన్న పిల్లదీ అదే పరిస్థితి. ఎటపాక నుంచి భద్రాచలం బడికి నడిచొచ్చే పిల్లకు మాత్రం ఈ నిబంధన కింద తెలంగాణలో డాక్టరు సీటు దారి తెరిచే ఉంది. అందుకే ఈ అంచున ఉన్న ప్రతి ఆశ్రమ పాఠశాలలో, ప్రతి గురుకులంలో ఎనిమిదో తరగతి ముగిసేలోపే తల్లిదండ్రులను పిలిచి, తొమ్మిదో తరగతి ఏ రాష్ట్రంలో చదివిస్తే ఏ సీట్లు దక్కుతాయో, ఏవి పోతాయో కూర్చోబెట్టి చెప్పాలి. ఐటీడీఏలు ఆ పనిని ఇప్పుడే నెత్తికెత్తుకోవాలి.