సరుకు కాపలా నుంచి ప్రయాణికుల రక్షణ దాకా

1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి థానేకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. మరుసటి ఏడాదే ఈస్ట్ ఇండియన్ రైల్వే కంపెనీ పోలీసు పేరిట కొందరు సిబ్బందిని నియమించుకున్నది. గిడ్డంగుల్లోని ప్రత్తి, ధాన్యం, బొగ్గు వంటి సరుకులకు కాపలా అప్పట్లో కంపెనీలకు ముఖ్యావసరం. అప్పగించిన సరుకు పోతే నష్టపరిహారం చెల్లించవలసినది కంపెనీ. ప్రయాణికుడి మూట పోతే నష్టపోయేది ప్రయాణికుడే. మన రైల్వే రక్షణ వ్యవస్థ రూపుదిద్దుకోవడంలో ఈ వ్యత్యాసం చిరకాలం ప్రభావం చూపింది.

1872లో నియమితమైన రైల్వే పోలీసు సంఘం ఈ బాధ్యతలను రెండుగా విభజించాలని సిఫార్సు చేసింది. నేరాల విచారణ, శాంతిభద్రతలు ప్రభుత్వ పోలీసులవి. ఆస్తి కాపలా కంపెనీ సిబ్బందిది. 1881 నుంచి ఈ విభజన అమలులోకి వచ్చింది. కంపెనీ కాపలాదారులే తరువాత 'వాచ్ అండ్ వార్డ్'గా ప్రసిద్ధులయ్యారు.

స్వతంత్ర భారత రాజ్యాంగంలోనూ ఈ రెండు పాయలు కలియలేదు. ఏడవ షెడ్యూలు రైల్వేలను కేంద్ర జాబితాలోను, రైల్వే పోలీసులతో సహా పోలీసు వ్యవస్థను రాష్ట్ర జాబితాలోను చేర్చింది. 1957లో పార్లమెంటు రైల్వే రక్షక దళ చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టం తన లక్ష్యంగా పేర్కొన్నది రైల్వే ఆస్తి రక్షణనే. ప్రయాణికుల ప్రస్తావన అందులో లేదు. 1985 సవరణ ఆ దళాన్ని కేంద్ర సాయుధ దళంగా మార్చినా ఈ లోటు తీరలేదు.

దీని పర్యవసానం ప్రయాణికులకు అనుభవమే. సికింద్రాబాదు నుంచి హౌరా వెళ్ళే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలను దాటుతుంది. రాత్రి నిద్రలో పెట్టె పోయిందని తెల్లవారి గ్రహించిన వ్యక్తికి అది ఏ స్టేషన్ల నడుమ పోయిందో తెలియదు. ఫిర్యాదుకు దిగితే ప్రయాణం ఆగిపోతుంది. దిగకపోతే ఫిర్యాదు మిగిలిపోతుంది. ప్రయాణంలో జరిగిన నేరాన్ని రైలు సాగిన మార్గంలోని ఏ న్యాయస్థానమైనా విచారించవచ్చునని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 183వ సెక్షన్ అనుమతించింది. అయితే న్యాయస్థానానికి ముందు పోలీసు స్టేషను గడప దాటవలసి ఉంటుంది. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం నమోదు చేయాలన్న నిబంధన 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో చట్టబద్ధమైంది.

అంతకు ముందే మరొక ముఖ్యమైన మార్పు జరిగింది. 2003లో ఆమోదం పొంది 2004 జులై 1 నుంచి అమలైన సవరణతో రైల్వే రక్షక దళ చట్ట లక్ష్యంలో ఆస్తి సరసన ప్రయాణికులు, వారు సంచరించే ప్రాంతాలు చేరాయి. స్త్రీల పెట్టెలో పురుషులు ప్రవేశించడం, అకారణంగా గొలుసు లాగడం వంటి నేరాలపై చర్య తీసుకొనే అధికారం దళానికి లభించింది. 2021లో భద్రతా సహాయం సైతం 139 నంబరు కిందకు వచ్చింది.

నేటికీ హత్య, దోపిడీ వంటి తీవ్ర నేరాల దర్యాప్తు రాష్ట్రాల రైల్వే పోలీసులదే. ఒకే ప్లాట్‌ఫారం మీద రెండు దళాలు ఉండడం రాజ్యాంగ నిర్మాణం వల్ల వచ్చిన స్థితి. వాటిలో ఏది ఎవరి కిందిదో తెలుసుకొనే భారం మాత్రం ఆపదలో ఉన్న ప్రయాణికుడిపై పడరాదు. ఎదురైన మొదటి ఉద్యోగి ఫిర్యాదు స్వీకరించి తగిన చోటికి చేర్చిననాడే 2003 సవరణ ఆశయం ప్రయాణికుడికి అందినట్లు.