చక్రములమీది ఇల్లు : గూడుబండి దక్షిణయాత్ర

ఇల్లు కదలదు, ఇంటివారే కదలుదురు. ఇది లోకములో సాధారణమైన సంగతి. కాని ఇంటిని కూడ వెంటగొని పోవలెననెడి కోరిక మానవునకు కొత్తది కాదు. ఇంగ్లండులో గార్డన్ స్టేబుల్స్ అను నౌకాదళ వైద్యుడు 1885లో గుఱ్ఱములు లాగెడి ఇంటిబండి నొకదానిని విహారమునకై చేయించుకొని, అందులో స్కాట్లండు దాక పోయెను. అమెరికాలో శరదృతువు రాగానే వృద్ధదంపతులెందరో మోటారు వెనుక చక్రముల ఇంటిని తగిలించుకొని, ఉత్తరపు మంచును తప్పించుకొనుటకై దక్షిణపు దారి పట్టుచున్నారు. ఈ మాట విని మన పిల్లలు అబ్బురపడవచ్చును. పెద్దలకు మాత్రము ఇది వింతగా తోచదు. వారికి గూడుబండి తెలియును.

రాయచూరు జిల్లాలోని యాపలదిన్ని పేరునే చూడుడు. మన పలుకుబడిలో యాప యనగా వేప. దిన్నె యనగా మిట్టనేల. ఇది తెలుగునకును కన్నడమునకును ఉమ్మడి సొత్తైన మాట. ఈ సీమకు ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. నడుమనున్న రాయచూరు అంతర్వేదినుండి ఎవ్వరు దక్షిణమునకు పోదలచినను తుంగభద్రను దాటవలసినదే. వానకాలములో నది నిండుగా పారును. నల్లరేగడి చక్రములకు ముద్దలుగా అంటుకొనును. శరత్తులో నేల ఆరును, నీరు తగ్గును, జొన్న విత్తనము ముగియును. కనుక బండి కట్టుటకు ఆశ్వయుజ కార్తికములే అదనుగా నుండెను. అది విలాసము కాదు. నేలయు నీరును నిర్ణయించిన ముహూర్తము.

గూడుబండి నిజముగా చిన్న ఇల్లే. వెదురుబద్దలను వంచి, పైన చాప కప్పినచో గూడు సిద్ధము. అడుగున వరిగడ్డియో జొన్నచొప్పయో పఱచి, దానిపై బొంత వేసినచో పడక. గంపలో జొన్నపిండి, మిరపకాయలు, చింతపండు, ఉప్పు. ఒక ముంత, ఒక లాంతరు. ఇరుసు అరగకుండ కందెన. ఎడ్లు గంటకు రెండు మైళ్ల కంటె మిక్కిలిగా నడువవు. కావున రోజుకు పది పండ్రెండు మైళ్లే ఒక మజిలీ. నీళ్లుండి, నీడయుండి, ఎడ్లకు మేత దొరకిన చోటనే బండి విప్పవలెను. మూడు రాళ్లు పెట్టి ఇల్లాలు పొయ్యి రాజేసినచో అది ఆ పూటకు వారి ఊరు. నది లోతుగా నున్న రేవులలో మనుషులు పుట్టి ఎక్కుదురు. రేవు ఏది, లోతు ఎంత అని ఎదురైనవారిని అడుగకుండ ముందుకు పోవు వీలు లేదు. దంపతులు వెంట తీసుకొనిపోయినది తమ ఇంటినే యైనను, దారిలో ఆధారపడినది పరుల దయమీదనే.

ఇట్టి ప్రయాణమునకు మన భాషలో గొప్ప సాక్ష్యమున్నది. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కుటుంబముతోను పరివారముతోను కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. వారు కడప మీదుగా శ్రీశైలము సేవించి, కృష్ణను దాటి, వనపర్తి సంస్థానముగుండ హైదరాబాదు పోయిరి. అనగా మన పొరుగుసీమనే త్రొక్కిరి. వారి ఇల్లు చక్రములమీదగాక బోయీల భుజములమీదను గుడారములలోను నడచినది. మజిలీ మజిలీకి నీటివసతి, అంగళ్లు, దారి మంచిచెడ్డలు వ్రాసి మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ గారికి అందజేసిరి. వీరాస్వామయ్యగారు 1836లో గతింపగా, 1838లో ఆ మిత్రుడే దానిని అచ్చువేయించెను. మిత్రుడు కోరియుండనిచో, ఆయన అచ్చువేయింపనిచో, ఆ దారి నేడు మనకు దక్కియుండదు. అయినను అది పురుషుడు వ్రాసిన దినచర్య. ఆ ప్రయాణములో స్త్రీలు ఏమి చూచిరో, ఏమనుకొనిరో వారి నోట మనకు వినబడదు.

1871లో బొంబాయి వైపునుండి వచ్చిన రైలుదారియు మద్రాసునుండి వచ్చిన రైలుదారియు రాయచూరులో కలిసినవి. దూరయాత్రలో గూడుబండి పని నాటినుండి తగ్గసాగెను. స్టేషను వరకును, జాతర వరకును, చుట్టముల ఇంటి వరకును మాత్రము అది చాలకాలము నడచెను.

ఇంతలో హద్దులును మారినవి. 1800లో నిజాము దత్తమండలములను కంపెనీకి విడిచిపెట్టగా తుంగభద్రకు ఆవలి ఆదోని సీమ కంపెనీ పాలనలోనికి పోయెను. 1953లో ఆదోని తాలూకా ఆంధ్రరాష్ట్రమున చేరెను. 1956 నవంబరు 1వ తేదీన రాయచూరు మైసూరు రాష్ట్రములో కలిసెను. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమని పేరు వచ్చెను. అంతవరకు రాయచూరు జిల్లాలోనివే యైన గద్వాల, ఆలంపురము తాలూకాలు 1956లోనే ఆంధ్రప్రదేశమునకు పోయి, 2014 నుండి తెలంగాణములో నున్నవి. ఒకే జిల్లాలోని ఆడుబిడ్డ అత్తవారింటికి పోయినంతనే పరరాష్ట్రము పోయినట్లయ్యెను. ఎడ్లు మాత్రము ఈ హద్దుల నెఱుగవు.

ఇందుచేతనే గూడుబండి కథ మనకు వట్టి ముచ్చట కాదు. మనము ఇచ్చటికి నిన్న మొన్న వచ్చినవారమా, నాటినుండియు ఉన్నవారమా అని ఎవరైన అడిగినపుడు, కాగితములకంటె ముందు సాక్ష్యము పలుకవలసినవి ఈ దారులు, ఈ రేవులు, ఈ మజిలీలు. నేడు మోటారులో గంటలలో పోయివచ్చుచున్నాము. అది మేలే. కాని దారిలో ఎవ్వరిని అడుగ నక్కరలేని ప్రయాణములో ఎవ్వరితోను పరిచయము కలుగదు. ఊళ్ల పేర్లు కిటికీలో వెనుకకు జారిపోవును.

కావున ఈ సంచికను చదివెడి కుటుంబములకు ఒక్క మనవి. బండిలో కూర్చుండి పయనించిన అవ్వలు ఇంకను ఏ ఇంటనైన ఉండవచ్చును. ఏ బావికడ బండి విప్పిరి, ఏ రేవున దాటిరి, ఏ భాషలో నీళ్లడిగిరి, ఎవరు మజ్జిగ పోసిరి? ఈ శరత్తులోనే వారికడ కూర్చుండి, అడిగి వ్రాసికొనుడు. వీరాస్వామయ్యగారికి వ్రాయుమని అడిగిన మిత్రుడొకడుండెను. మన అవ్వలను అడుగువారు మనమే కావలెను.