నది విడిచిన లోయలో నగరం

మహానదీప్రవాహమే నాగరికతకు మూలమన్న సూత్రాన్ని ఘగ్గర్-హక్రా లోయ పునఃపరిశీలనకు గురిచేస్తోంది. హరప్పా నాగరికతకు చెందిన కాలీబంగన్ ఈ లోయలోనిదే. ఆ నాగరికత నగరదశ క్రీ.పూ. 2600-1900 నాటిది. కాగా, ఒకప్పుడు ఈ మార్గాన పారిన సట్లెజ్ నది సుమారు 8000 ఏళ్ల క్రితానికే దారి మార్చుకొన్నదని 2017లో వెలువడిన భూవిజ్ఞాన పరిశోధన నిరూపించింది. అనగా నగరాలు వెలసేనాటికి అక్కడ హిమాలయ మహానది లేదు. అది విడిచిన ఒండ్రునేల, వర్షాధారమైన ప్రవాహం మాత్రమే మిగిలాయి. సింధుతీరాన మొహెంజొదారో వరదల భయంతో ఎత్తైన ఇటుక వేదికలపై నిలిచిందని పండితుల భావన. ఘగ్గర్ లోయవాసులకు అంతటి వరదముప్పు లేదు. కావున నాగరికతల ఆవిర్భావాన్ని వివరించేటప్పుడు నది ఇచ్చిన నీటినే గాక, అది విడిచివెళ్లిన నేలనూ పరిగణించవలసి ఉంటుంది.