పార్కింగ్ ఫీజు: ఎప్పుడు కట్టక్కర్లేదు? కమిషన్‌కు ఎలా వెళ్లాలి? మీ మీదే నోటీసు వస్తే ఏం చేయాలి?

ఆదివారం సాయంత్రం పటాన్‌చెరు వైపు ఓ మాల్‌కు వెళ్లి పిల్లలకు బట్టలు కొన్నారనుకుందాం. బిల్లు 1,800 రూపాయలు అయింది. గంటన్నర తర్వాత బైక్ తీస్తుంటే గేటు దగ్గర 30 రూపాయలు అడిగారు. బిల్లు చూపించినా ‘అదంతా మాకు తెలియదు సార్, పార్కింగ్ కాంట్రాక్టు వేరే’ అన్నారు. వెనక హారన్లు మోగుతున్నాయి. ఇచ్చేసి బయటపడ్డారు.

30 రూపాయలకు ఎవరు కొట్లాడతారు అనిపిస్తుంది. వసూలు చేసేవారి ధీమా కూడా అదే. కానీ తెలంగాణలో ఈ ఫీజుకు నిబంధనలున్నాయి. ఫిర్యాదు చేయడానికి వకీలు అక్కర్లేదు, ఫీజూ లేదు. మీ చేతిలో ఉండాల్సింది గేటు దగ్గర ఇచ్చిన చీటీ, షాపు బిల్లు. చాలామంది ఈ రెండింటినీ పార్కింగ్ దాటకముందే పారేస్తారు.

ఫీజు ఎప్పుడు కట్టక్కర్లేదు?

మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో పార్కింగ్ ఫీజుపై రాష్ట్ర పురపాలక శాఖ 2018 మార్చి 20న జీవో 63 ఇచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ ఉత్తర్వు ప్రకారం లెక్క ఇదీ:

• మొదటి 30 నిమిషాలు: ఏ వాహనానికైనా ఉచితం. బిల్లు కూడా అడగకూడదు.
• 30 నిమిషాల నుంచి గంట వరకు: ఆ మాల్‌లో ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. బిల్లు మొత్తం ఎంతైనా ఫర్వాలేదు. బిల్లు లేకపోతే ఫీజు కట్టాలి.
• గంట దాటితే: మీ బిల్లు లేదా సినిమా టికెట్ మొత్తం పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉంటే ఉచితం. తక్కువ ఉంటే, లేదా బిల్లే లేకపోతే ఫీజు కట్టాలి.

ఫీజు తీసుకున్నా, తీసుకోకపోయినా ప్రతి వాహనానికీ పార్కింగ్ చీటీ ఇవ్వాలని, దాని మీద ‘చెల్లించారు’ లేదా ‘మినహాయింపు’ అని ముద్ర వేయాలని కూడా ఈ జీవో చెబుతోంది. పార్కింగ్ వేరే కాంట్రాక్టరుకు ఇచ్చామన్నది వాళ్లిద్దరి మధ్య ఒప్పందం. దాన్ని చూపించి మీకున్న మినహాయింపును తీసేయలేరు.

అన్నిచోట్లా ఇదే వర్తిస్తుందా?

లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

సింగిల్ స్క్రీన్ థియేటర్లు పార్కింగ్ ఫీజు వసూలు చేసుకోవచ్చని 2021 జులైలో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మాల్స్, మల్టీప్లెక్సులకు మాత్రం పాత నిబంధనలే కొనసాగుతాయని చెప్పింది. కాబట్టి పాత పద్ధతి హాలుకు వెళ్లి ‘టికెట్ ఉంది, ఫీజు కట్టను’ అంటే కుదరదు.

హైవే పక్కన, బస్టాండ్ల దగ్గర ఉండే బైక్ స్టాండ్ల సంగతి వేరు. పాశమైలారం, బొల్లారం పరిశ్రమల్లో షిఫ్టులకు వెళ్లేవారిలో బండి స్టాండులో పెట్టి బస్సు ఎక్కేవారున్నారు. అక్కడ మీరు కొనేదే పార్కింగ్ సేవ. అందుకని ఫీజు కట్టాల్సిందే. అయితే బోర్డు మీద రాసిన రేటే తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి. బోర్డు మీద 12 గంటలకని ఉంటే 8 గంటల షిఫ్టుకు రెండు పూటల డబ్బు అడగడం కుదరదు.

గేటు దగ్గర ఏం చేయాలి?

గొడవ పెట్టుకోవద్దు. అక్కడున్న కుర్రాడు నిబంధన పెట్టినవాడు కాదు, తీసేయగలిగినవాడూ కాదు. ఈ నాలుగు పనులు చేయండి.

1. లోపలికి వచ్చిన సమయం ఉన్న చీటీని, షాపు బిల్లును కలిపి ఫొటో తీయండి. థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్ని వారాల్లోనే చెరిగిపోతాయి.
2. రేట్ల బోర్డు ఫొటో తీయండి. బోర్డే లేకపోతే గేటు మొత్తం కనిపించేలా తీయండి.
3. డబ్బు కట్టక తప్పకపోతే నగదు వద్దు, యూపీఐలో కట్టండి. ఎవరి ఖాతాకు వెళ్లిందో, ఎప్పుడు వెళ్లిందో రికార్డవుతుంది.
4. రసీదు అడగండి. ఇవ్వనంటే ఆ మాట కూడా రాసిపెట్టుకోండి. తీసుకున్న డబ్బుకు బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతి.

‘కట్టాను కదా, ఇక అడిగే హక్కు లేదేమో’ అనుకోవద్దు. నిజానికి డబ్బు కడితేనే చట్టం దృష్టిలో మీరు ఆ సేవకు వినియోగదారు అవుతారు.

మొదట ఎవరికి చెప్పాలి?

నేరుగా కమిషన్‌కు వెళ్లే ముందు రెండు దారులు చూడండి.

ఒకటి, పురపాలక అధికారులు. జీవో అమలు చూడాల్సింది వాళ్లే. పటాన్‌చెరు, రామచంద్రాపురం 2007లోనే జీహెచ్ఎంసీలో కలిశాయి. సంగారెడ్డి పట్టణానికి సొంత మున్సిపాలిటీ ఉంది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. మీ 30 రూపాయలు వెనక్కి రాకపోయినా, ఆ గేటులో రేపటి నుంచి అందరి వసూలూ ఆగాలంటే ఈ దారే మేలు.

రెండు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు అడుగుతారు. వాళ్లు తీర్పు ఇవ్వలేరు. కానీ చాలా సంస్థలు చిన్న మొత్తాన్ని ఇక్కడే తిరిగి ఇచ్చేస్తాయి.

ఫలితం లేకపోతే మాల్ యాజమాన్యానికి రిజిస్టర్డ్ పోస్టులో ఒక పేజీ లేఖ రాయండి. తేదీ, సమయం, బిల్లు నంబరు, కట్టిన మొత్తం, 15 రోజుల గడువు ఉంటే చాలు. వకీలు లెటర్‌హెడ్ అక్కర్లేదు.

సంగారెడ్డి కమిషన్‌లో కేసు ఎలా?

జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ సంగారెడ్డిలోనే ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోట లేదా పనిచేసే చోట కేసు వేయొచ్చు. అంటే గచ్చిబౌలి మాల్‌లో కట్టిన ఫీజు మీద కూడా పటాన్‌చెరు నివాసి సంగారెడ్డిలోనే ఫిర్యాదు చేయొచ్చు.

• ఫీజు: సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఏమీ కట్టక్కర్లేదు.
• గడువు: సంఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లు.
• ఎలా: నేరుగా వెళ్లి ఇవ్వొచ్చు. లేదా 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఫోన్ నుంచే వేయొచ్చు.
• జతచేయాల్సినవి: చీటీ, బిల్లు, యూపీఐ వివరాలు, ఫొటోలు, మీరు పంపిన లేఖ, పోస్టు రసీదు, జీవో కాపీ, ఫిర్యాదులో రాసింది నిజమని ఒక అఫిడవిట్.

ఫిర్యాదులో మాల్ యాజమాన్యాన్నీ, పార్కింగ్ కాంట్రాక్టరునూ ఇద్దరినీ చేర్చండి. ఒక్కరినే చేరిస్తే వాళ్లు రెండోవారి మీదకు నెట్టేస్తారు.

నోటీసు అందాక అవతలివారు 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజులు దొరుకుతాయి. పరీక్షలు అవసరం లేని కేసును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. వాయిదాలతో అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. షిఫ్టు వదులుకుని రాలేనివారు వీడియో ద్వారా హాజరుకు అనుమతి అడగొచ్చు.

ఫీజు వాపసు, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు అడగొచ్చు. 30 రూపాయలకు 5 లక్షల పరిహారం అడిగితే మాత్రం కమిషన్ ముందు మీ మాట బరువు తగ్గుతుంది. సమంజసమైన మొత్తమే అడగండి.

మీ మీదే నోటీసు వస్తే?

ఇప్పుడు ఎదురు పరిస్థితి చూద్దాం. బండి రెండు నెలలు స్టాండులోనే ఉండిపోయింది. లేదా టోకెన్ పోయింది. ప్రైవేటు స్థలంలో ఆపినందుకు 2,000 రూపాయలు జరిమానా కట్టమని కాగితం అంటించారు. కొన్నాళ్లకు లీగల్ నోటీసు వచ్చింది. ఏం చేయాలి?

ముందు ఆ కాగితం ఏమిటో చూడండి. ప్రైవేటు సంస్థకు చలానా వేసే అధికారం లేదు. అది పోలీసు, రవాణా శాఖల పని. అనుమానం ఉంటే తెలంగాణ పోలీసుల ఈ-చలానా వెబ్‌సైట్‌లో మీ బండి నంబరు కొట్టి చూడండి. అక్కడ లేకపోతే మీ చేతిలో ఉన్నది ఒక ప్రైవేటు వ్యక్తి డబ్బు అడుగుతున్న కాగితం మాత్రమే.

వకీలు పంపిన లీగల్ నోటీసు కోర్టు ఆదేశం కాదు. అయినా మౌనంగా ఉండొద్దు. ఏ తేదీ, ఎన్ని గంటలు, ఏ రేటు, ఏ ఒప్పందం అని అడుగుతూ గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి.

కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం పక్కన పెట్టే ప్రసక్తే లేదు. సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం చూపితే కోర్టు దాన్ని 90 రోజుల వరకు పొడిగించవచ్చు. వాయిదాకు వెళ్లకపోతే మీ మాట వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. 2,000 రూపాయల దావాకు ఖర్చులు, వడ్డీ కలుస్తాయి.

దావాలు సాధారణంగా ఈ ప్రశ్నల దగ్గర తేలతాయి:

• దావా వేసింది ఎవరు? స్థలం యజమానా, కాంట్రాక్టరా? కాంట్రాక్టరైతే వసూలు హక్కు ఇచ్చిన ఒప్పందం ఏది?
• రేటు, జరిమానా బండి పెట్టకముందే కనిపించేలా బోర్డు మీద ఉన్నాయా?
• వచ్చిన, వెళ్లిన సమయాలకు ఆధారం ఏమిటి?
• అడుగుతున్న మొత్తం జరిగిన నష్టానికి తగ్గట్టు ఉందా? భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే.
• దావా మూడేళ్ల గడువులోగా వేశారా?

నిజంగా కట్టాల్సిన ఫీజు ఉంటే దాన్ని ఒప్పుకుని, మిగతాదాన్ని కాదనండి. అన్నీ కాదన్నవారి కంటే ఇలా చెప్పినవారి మాటనే కోర్టు ఎక్కువ నమ్మే వీలుంది.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే? న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987 సెక్షన్ 12 కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు పారిశ్రామిక కార్మికులకూ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. పాశమైలారంలో మెషీన్ మీద పనిచేసే చాలామందికి ఈ సంగతి తెలియదు. సంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసును లోక్ అదాలత్‌కు పంపమని కూడా అడగొచ్చు. అక్కడ రాజీ కుదిరితే అదే డిక్రీ, దానిపై అప్పీలు ఉండదు. అందుకే మొత్తం సరిచూసుకున్నాకే సంతకం చేయండి.

బండి ఆపేస్తే? పోతే?

ఫీజు గొడవ తేలేదాకా బండి వదలం అంటే 100 లేదా 112కు ఫోన్ చేయండి. మనిషిని కదలనీయకుండా దారి అడ్డగించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126 కింద నేరం. మీ బండి విషయంలో అది వర్తిస్తుందా అన్నది పోలీసులు చూస్తారు. అప్పటికి ఫీజు కట్టి, రసీదు మీద ‘అభ్యంతరంతో చెల్లించాను’ అని రాసి బయటకు రావడమే తెలివైన పని.

‘వాహనం యజమాని బాధ్యతపైనే’ అన్న బోర్డు కూడా తిరుగులేనిది కాదు. ఢిల్లీలోని ఓ హోటల్‌లో 1998లో వాలే సిబ్బందికి తాళాలు ఇచ్చిన కారు పోయింది. ఆ కేసులో, టోకెన్ మీద అలా అచ్చు వేసినంత మాత్రాన సొంత నిర్లక్ష్యానికి బాధ్యత తప్పదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తాళం మీ జేబులోనే ఉంచుకుని మీరే పార్క్ చేస్తే పరిస్థితి వేరుగా ఉండొచ్చు.

మీవాళ్లు బ్రిటన్‌లో ఉంటే

అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లలకు ఇక్కడి సలహా ఇవ్వొద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రైవేటు పార్కింగ్ కంపెనీలు చిన్న మొత్తాలకూ కౌంటీ కోర్టుకు వెళతాయి. బోర్డు స్పష్టంగా ఉన్నందున 85 పౌండ్ల చార్జీ చెల్లుతుందని 2015 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. క్లెయిమ్ ఫారం అందితే 14 రోజుల్లో స్పందించాలి. అందినట్టు తెలియజేస్తే జవాబుకు మొత్తం 28 రోజులు దొరుకుతాయి.

ఎక్కడున్నా చేయాల్సింది మాత్రం ఒకటే. చీటీని, బిల్లును ఫొటో తీసి దాచుకోండి. కోర్టు కాగితం వస్తే, మొత్తం ఎంత చిన్నదైనా, వాయిదా తేదీని ఆ రోజే క్యాలెండర్‌లో రాసుకోండి.